స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్

స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ చర్మాన్ని, నోరు, కళ్ళు, జననాంగాలలోని శ్లేష్మపు పొరలను దెబ్బతీసే అరుదైన, ప్రాణాంతకమైన వ్యాధి. ఇది అంటువ్యాధి కాదు. పెద్దలలో ఎక్కువగా మందులు పడకపోవడం వలన కలుగుతుంది. నొప్పి నివారణకు వాడే కొన్ని మందులు కూడా ఇందుకు కారణమవుతాయి.

చరిత్ర

1922లో అమెరికా వైద్యులు ఆల్బర్ట్ మేసన్ స్టీవెన్స్, ఫ్రాంక్ ఛాంబ్లిస్ జాన్సన్ ఇద్దరు బాలురలో ఈ వ్యాధిని గుర్తించి వర్ణించారు. ఇదే వ్యాధి యొక్క తీవ్రరూపమైన టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్‌ను 1956లో అలన్ లయెల్ వర్ణించాడు. శరీరంపై 10 శాతం కంటే తక్కువ చర్మం ఊడితే మొదటిదిగా, 30 శాతం మించితే రెండవదిగా పరిగణిస్తారు. ఈ రెంటికీ నడుమ ఉన్నదానిని మిశ్రమ రూపం అంటారు.

కారణాలు

నొప్పి మందులలో ఆక్సికామ్ వర్గానికి చెందిన పైరాక్సికామ్, మెలాక్సికామ్, టెనాక్సికామ్‌లతో ముప్పు ఎక్కువ. డైక్లోఫెనాక్‌తో అంతకంటే తక్కువ. నరాల నొప్పికి, మూర్ఛకు ఇచ్చే కార్బమజెపైన్ మరొక ముఖ్య కారణం. హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యురూపం గల ఆసియా వాసులలో దీని ముప్పు అధికం. వాల్డెకాక్సిబ్ అనే నొప్పి మందును గుండెకు హాని, చర్మ ప్రతిచర్యల కారణంగా 2005లో అమెరికా విపణి నుండి ఉపసంహరించారు. అదే సంవత్సరం భారతదేశం కూడా దానిని నిషేధించింది.

పారాసిటమాల్ వలన అరుదుగా ఈ వ్యాధి రావచ్చునని 2013లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. అయితే వ్యాధి తొలి లక్షణమైన జ్వరానికే ఈ మందును వాడతారు కనుక, అసలు కారణమేదో తేల్చడం తరచు కష్టమవుతుంది. పిల్లలలో మైకోప్లాస్మా వంటి సూక్ష్మజీవుల వలన కూడా ఇటువంటి లక్షణాలు కలుగుతాయి.

లక్షణాలు

సాధారణంగా మందు మొదలుపెట్టిన 4 నుండి 28 రోజులలో వ్యాధి బయటపడుతుంది. మొదట జ్వరం, గొంతునొప్పి, కళ్ళ మంటలు వస్తాయి. తరువాత నొప్పితో కూడిన ఎర్రని మచ్చలు, బొబ్బలు ఏర్పడి, చర్మం పొరలుగా ఊడిపోతుంది. రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు మందుకు ప్రతిస్పందించి, చర్మకణాలను చంపివేయడమే ఇందుకు మూలం.

చికిత్స

అనుమానం కలిగిన వెంటనే కారణమైన మందును ఆపి, రోగిని ఆసుపత్రిలో చేర్చాలి. కాలిన గాయాలకు వలెనే ద్రవాలు ఎక్కించడం, గాయాలకు ఇన్ఫెక్షన్ సోకకుండా చూడడం, నొప్పి తగ్గించడం అవసరం. చూపు దెబ్బతినే ప్రమాదం ఉన్నందున నేత్రవైద్యుని పరీక్ష తప్పనిసరి. తీవ్రరూపం దాల్చినవారిలో సుమారు 30 శాతం మంది మరణిస్తారు.

జాగ్రత్తలు

ఒకసారి ఈ వ్యాధి వచ్చినవారు, దానికి కారణమైన మందును మరల ఎన్నడూ వాడరాదు. ఒకే మందు పలు వ్యాపార నామాలతో అమ్ముడవుతుంది కావున, దాని అసలు పేరును వ్రాసి ఉంచుకొని, ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా చూపించాలి.