వికేంద్రిత నిక్షేపపద్ధతి

ఒక గ్రంథమునకు ఒకే ప్రతి మిగిలినచో దాని యునికి యెంత సందిగ్ధమో వ్రాతప్రతులతోఁ బరిచయముగల పండితు లెఱుఁగుదురు. తాళపత్రములను బురుగు తినవచ్చును, అగ్ని దహింపవచ్చును. వేఱొక యూరఁ బుత్రికాప్రతి యున్నప్పుడే కావ్యము బ్రదుకును.

నేఁడు పరిష్కర్తలు తమ పాఠభేదములను, వ్రాతప్రతుల ఛాయాచిత్రములను గంప్యూటరులందు నిలుపుచున్నారు. వాని మాఱుప్రతులను ధనము గైకొని భద్రపఱచు వాణిజ్యసంస్థలు గలవు. ఈ యేర్పాటునకు క్లౌడ్, అనఁగా మేఘము, అని పేరు. అయినను ఆ ప్రతులుండునది భూమిమీఁది యంత్రశాలలందే. 2021 మార్చి 10వ తేదీని ఫ్రాన్సుదేశమందలి స్ట్రాస్‌బూర్గ్ నగరమున ఓవీహెచ్ సంస్థవారి యట్టి భవన మొకటి దగ్ధమయ్యెను. అన్యత్ర ప్రతి నుంచుకొనని పలువురి నిక్షేపములు మఱల లభింపలేదు.

దీనికిఁ బ్రత్యామ్నాయము వికేంద్రిత నిక్షేపము. ఇందుఁ బలువురు తమ కంప్యూటరులలోని ఖాళీచోటును బరస్పర మిచ్చికొందురు. 2007లో వెలువడిన టాహో-ల్యాఫ్స్ అను ఉచిత సాఫ్ట్‌వేర్ ఇట్టిదే. అది మొదట గ్రంథమును యజమాని కంప్యూటరునందే గూఢలిపిలోనికి మార్చును. కావునఁ దాఁచువారు దానిఁ జదువఁజాలరు. పిమ్మట సామాన్యముగా 10 ఖండములు చేసి పదిచోట్లకుఁ బంపును. వానిలో నేవైన 3 దొరకినను గ్రంథమంతయు మఱల సిద్ధించును. సరళరేఖను నిర్ణయించుటకు దానిపై నే రెండు బిందువులైనను జాలును గదా. ఇదియు నట్టి గణితమే. ఇట్టి విధానమును రీడ్, సాలమన్ అను గణితవేత్తలు 1960లోఁ బ్రకటించిరి.

మూఁడు పూర్ణప్రతుల నుంచినచో మూఁడింతల చోటు వలయును. రెండు నశించువఱకే రక్షణ. ఈ పద్ధతిని ఖండ మొక్కటి గ్రంథములో మూఁడవవంతు గావున, పదింటికిఁ గలిపి మూఁడింతలకుఁ గొంచె మెక్కుడు చోటు చాలును. ఏడు ఖండములు నశించినను గ్రంథము నిలుచును. అయితే పది ఖండములు నొకే యింట నున్నచో నీ లాభ మంతయు వ్యర్థము.

దోషములును లేకపోలేదు. సభ్యులు తప్పుకొనుకొలఁది ఖండములు తగ్గును. కావున నప్పుడప్పుడు పరీక్షించి, లోపించినవానిఁ బూరింపవలయును. గ్రంథమును మఱలఁ బొందుటకు వలయు సంకేతాక్షరమాలను యజమాని పోఁగొట్టుకొన్నచో, పది ఖండములు నుండియు నిష్ప్రయోజనము. వాణిజ్యసంస్థ వేతనము గొని చేయు కావలిని ఇచట సభ్యులే చేయవలయును. పది గ్రంథాలయము లీ భారమును బంచుకొనఁగలిగినచో, ఒక యింటి యగ్నికి గాని యొక సంస్థ పతనమునకు గాని వాని వ్రాతప్రతుల చిత్రములు బలి గావు.