బోరులో నీళ్లు గడ్డకట్టవు.. మరి గడ్డకట్టే చలిలో ట్యాప్ ఎందుకు ఆగిపోతుంది? కరెంట్ పోతే ముందు చేయాల్సిన పని ఇదే!

2021 ఫిబ్రవరి 16.. అమెరికాలోని డాలస్ ఎయిర్‌పోర్టులో ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. 1949 తర్వాత అక్కడ అంత తక్కువ నమోదవడం అదే తొలిసారి. టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంట్ పోయింది. పైపులు పగిలిపోయాయి. సొంత బోరు ఉన్నవాళ్లకైతే కష్టం రెట్టింపు. కరెంట్ లేకపోతే పంపు లేదు, పంపు లేకపోతే చుక్క నీరు లేదు.

అమెరికాలో 4 కోట్ల మందికి పైగా సొంత బోరు నీళ్ల మీదే ఆధారపడుతున్నారు. సిటీకి దూరంగా, పెద్ద స్థలంలో ఇల్లు తీసుకునే తెలుగు కుటుంబాలకు ఇది కొత్త వ్యవహారమే.

అసలు సమస్య ఎక్కడ?

మన దగ్గర మోటార్ వేసి మేడ మీద ట్యాంక్ నింపుకుంటాం. అక్కడ అలా కాదు. బోరు నీళ్లు ప్రెజర్ ట్యాంక్‌లోకి వెళ్తాయి. చాలా ఇళ్లలో ఒత్తిడి 40 పీఎస్ఐకి తగ్గగానే మోటార్ దానంతటదే ఆన్ అవుతుంది, 60కి చేరగానే ఆగుతుంది. ఆ పని చేసేది ప్రెజర్ స్విచ్.

భూమి లోతుల్లో చలి ప్రభావం ఉండదు కాబట్టి బోరులో నీళ్లు గడ్డకట్టవు. ప్రమాదమంతా పైన ఉన్నవాటికే. ముఖ్యంగా ప్రెజర్ స్విచ్ కింద ఉండే సన్నటి గొట్టం. అందులో ఉండేది కొద్దిపాటి నీరే కాబట్టి అది త్వరగా గడ్డకడుతుంది. అప్పుడు స్విచ్‌కు ఒత్తిడి తెలియదు. మోటార్ ఆన్ కాకపోవచ్చు, లేదా ఆగకుండా తిరుగుతూనే ఉండొచ్చు. పైగా నీరు మంచుగా మారితే దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. పైపులు పగిలేది అందుకే.

చలి రాకముందే..

* బయట కనిపించే పైపులకు, స్విచ్ కింది గొట్టానికి ఫోమ్ చుట్టాలి. పంప్ షెడ్‌లో గాలి దూరే సందులు మూసేయాలి.
* థర్మోస్టాట్ ఉన్న హీట్ టేప్ వాడాలి. దాన్ని ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పడేలా చుట్టకూడదు. షెడ్‌లో హీట్ ల్యాంప్ పెడితే అగ్ని ప్రమాదం జరగొచ్చు.
* తాగడానికి, బాత్‌రూమ్‌కు నీళ్లు ముందే పట్టి పెట్టుకోవాలి.

కరెంట్ పోతే..

గడ్డకట్టకుండా ట్యాప్ సన్నగా వదిలిపెట్టమని అందరూ చెబుతారు. కరెంట్ ఉన్నంతవరకు అది మంచి సలహానే. కరెంట్ పోయాక మాత్రం ఆ నీళ్లు ప్రెజర్ ట్యాంక్ నుంచే పోతాయి, మళ్లీ నిండవు. ట్యాంక్ ఖాళీ అయ్యాక ధార ఆగి, పైపుల్లో మిగిలిన నీరు గడ్డకడుతుంది.

అందుకే కరెంట్ త్వరగా వచ్చే సూచన లేకపోతే ముందు పంపు బ్రేకర్ ఆపేయాలి. వాటర్ హీటర్ కూడా ఆపాలి. తర్వాత ప్రెజర్ ట్యాంక్ దగ్గరి డ్రెయిన్ వాల్వ్, ఇంట్లోని ట్యాప్‌లు తెరిచి నీళ్లన్నీ వదిలేయాలి. ఖాళీ పైపు పగలదు. బ్రేకర్ ఆన్‌లోనే ఉంటే కరెంట్ రాగానే మోటార్ తిరుగుతుంది. ఎక్కడైనా పైపు పగిలి ఉంటే ఇల్లంతా నీళ్లే.

జనరేటర్ పెడితే ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, ఆరుబయటే ఉండాలి. గ్యారేజీలో పెడితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

గడ్డకట్టేసిందా?

ముందు ట్యాప్ తెరవాలి. ట్యాప్ వైపు నుంచి మొదలుపెట్టి హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వేడి చేయాలి. మంటతో మాత్రం వద్దు. స్విచ్‌లో కరెంట్ తీగలుంటాయి కాబట్టి బ్రేకర్ ఆపకుండా దాన్ని ముట్టుకోవద్దు. పైపు పగిలినా, బోరు మూత దెబ్బతిన్నా బ్యాక్టీరియా పరీక్ష చేయించాకే ఆ నీళ్లు తాగాలి. అప్పటిదాకా బాటిల్ నీళ్లే సేఫ్.