ఉపాధ్యాయుని జీతము, పిల్లవాని చదువు

నేను ప్రాచ్యకళాశాలలోఁ గావ్యవ్యాకరణములు చదివి, భాషాపండితుఁడనై, 34 ఏండ్లు ప్రభుత్వ పాఠశాలలలోఁ దెలుఁగు చెప్పి విశ్రాంతి పొందినవాఁడను. ఉపాధ్యాయసంఘమునకుఁ జందా కట్టితిని. వేతన సవరణకొఱకు మండుటెండలో ఊరేగింపున నడచితిని. కాఁబట్టి జీతములను గూర్చియు, సంఘములను గూర్చియు, బడుల ఫలితములను గూర్చియు నేఁడు నేను చెప్పఁబోవునవి తటస్థుని మాటలు కావని ముందుగానే మనవి చేయుచున్నాను.

ఈ విషయమున రెండు వాదములు తఱచుగా వినవచ్చును. "పంతులు జీతము పెంచుఁడు, చదువు తానే బాగుపడును" అని యొకటి. "జీతములు పెరిగినవి గాని చదువు పెరుగలేదు; సంఘములు సోమరులను గాపాడుచున్నవి; పిల్లలకు ఎంత చదువు వచ్చెనో అంతకే సొమ్మీయుఁడు" అని రెండవది. రెండింటను గొంత నిజము గలదు. అయితే ఈ రెండును ఇదివఱకే పరీక్షకు నిలిచిన మాటలు. ఆ పరీక్షల కథ తెలిసినచో మన తగవు కొంత తేటపడును.

ఫలమునుబట్టి సొమ్మిచ్చు పద్ధతి క్రొత్తది కాదు. ఇంగ్లండులో విద్యావ్యవహారములు చూచుచుండిన రాబర్టు లో అను రాజకీయవేత్త 1862లో సవరించిన నిబంధనావళి యను పేర దీనిని నెలకొల్పెను. బడికి వచ్చు పిల్లల సగటు సంఖ్యనుబట్టి తలకు 4 షిల్లింగులు. ఆఱేండ్లు దాటి తగినంత హాజరు గల ప్రతి పిల్లవానికి మఱి 8 షిల్లింగులు. ఈ యెనిమిది ఊరక వచ్చునవి కావు. తనిఖీదారు ఏటికొకసారి వచ్చి చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూఁటను బరీక్షించును. ఒక్కొక్కదానఁ దప్పినచో 2 షిల్లింగుల 8 పెన్నీలు తఱుగును. మూఁటను దప్పినచో ఎనిమిదియుఁ బోవును. పెక్కుచోట్ల పంతులు జీతము ఈ సొమ్ముతో ముడివడియుండెను. ఈ పద్ధతి ఫలించినచో మేలు, ఫలింపనిచో ఖర్చైనను దగ్గునని యాతని వాదము. ఖర్చు నిజముగానే తగ్గెను. 1861లో 8 లక్షల పౌండ్లు దాటియుండిన సర్కారు గ్రాంటు 1865 నాఁటికి 6 లక్షల 40 వేలకు లోపుగా దిగెను.

చదువు మాటయో? కవియు విమర్శకుఁడు నైన మాథ్యూ ఆర్నాల్డు ఆ కాలమున బడుల తనిఖీదారు. ఆయన తన నివేదికలలో దీనిని గట్టిగా నధిక్షేపించెను. పంతుళ్లు పరీక్షకు వచ్చు పుస్తకము నొక్కదానినే యేడాది పొడవునఁ బిల్లలచే వల్లె వేయించిరి. దానిని గడగడ నొప్పగించు బాలుఁడు వేఱొక పుస్తకములోని వాక్యమును జదువలేకపోయెడివాఁడు. పరీక్ష లేని విషయములు వెనుకఁబడెను. 1870లో ఏర్పడిన ఇంగ్లండు ప్రాథమికోపాధ్యాయుల జాతీయసంఘము ఈ పద్ధతిపైఁ బట్టు విడువక పోరాడెను. అది తన సభ్యుల జీతముకొఱకే పోరాడెనని యనుకొన్నను, ఆ పోరు పిల్లలకును మేలే చేసెను. 1890 మొదలు పద్ధతి సడలి, ఆ దశాబ్ది ముగియులోపలఁ దొలఁగిపోయెను.

ఇంతలో అదియే యోడ యెక్కి మన మద్రాసు రాజధానికిని వచ్చియుండెను. 1860 తరువాతి యేండ్లలో మొదలై, ఫలితముల గ్రాంటు అను పేరఁ దెలుఁగు జిల్లాల బడులకుఁ గూడఁ బ్రాఁకెను. 1882 నాఁటి హంటరు సంఘము ప్రాథమిక పాఠశాలలకు దానినే సమర్థించెను. 20వ శతాబ్ది తొలి యేండ్లలోఁ గాని అది వదలలేదు.

ఇది గతించిన ముచ్చట యనుకొనకుఁడు. నా మాటయే చెప్పెదను. నేను పనిచేసిన యొక పాఠశాలలో ఒక యేఁడు పదవ తరగతి పిల్లలు నూటికి నూఱుమంది నెగ్గవలయునని పైనుండి ఆజ్ఞ వచ్చెను. నెగ్గినచో సన్మానము, నెగ్గనిచో సంజాయిషీ. నా తరగతిలో ఒక పిల్లవాఁడు కూడఁబలుకుకొని చదువుటకైనను రానివాఁడు. వానికి మూఁడవ తరగతి వాచకమునుండి మొదలు పెట్టవలసియుండెను. నేను పెట్టలేదు. పరీక్షలో రాఁగల ప్రశ్నలు కొన్ని యేఱి, జవాబులు వానిచే వల్లె వేయించి, మాటిమాటికి వ్రాయించితిని. వాఁడు అక్షరములను బొమ్మలవలె గీయనేర్చెను. నెగ్గెను. మా బడికి నూటికి నూఱు వచ్చెను. నాకు శాలువ కప్పిరి.

ఎనిమిదేండ్ల పిమ్మట వాఁడు బ్యాంకువారు పంపిన కాగితమొకటి పట్టుకొని మా యింటికి వచ్చి, "మాస్టారూ, ఇందులో ఏమున్నదో కాస్త చదివిపెట్టండి" అనెను. అది బాకీ తాఖీదు. గడువు దాటి నెల యైనది. ఊరిలో నెవరికైనఁ జూపుటకు సిగ్గుపడి దాఁచుకొనెనఁట. పదవ తరగతి నెగ్గినవాఁడు గదా, చదువరాదని యెట్లు చెప్పుకొనును? ఆ శాలువ నేఁటికిని మా పెట్టెలోనే యున్నది. నేను దానిని మఱల గప్పుకొనలేదు.

అట్లని ఫలమును గొలుచుటయే తప్పా? కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశముననే 2005లో దీనిపై నొక పెద్ద ప్రయోగము మొదలయ్యెను. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దానిని నడపిరి. 300 పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను జీట్లు తీసినట్లుగా మూఁడు భాగములు చేసిరి. 100 బడులలో బడి మొత్తమునకుఁ గలిపి బహుమానము. 100 బడులలో ఒక్కొక్క పంతులునకు వేఱుగా బహుమానము. మిగిలిన 100 బడులలో నేమియు లేదు. పిల్లల సగటు మార్కులు మునుపటికంటె 5 శాతము మించి పెరిగినచో, ఆపైఁ బెరిగిన ప్రతి శాతమునకు 500 రూపాయలు. రెండేండ్లకు బహుమానము గల బడుల పిల్లలు లెక్కలలోను, భాషలోను మిగిలినవారిని మించిరి. బహుమానముతో సంబంధము లేని సామాన్య, సాంఘిక శాస్త్రములలోఁ గూడ మించిరి. పంతుళ్ల గైరుహాజరు మాత్రము తగ్గలేదు. వచ్చిననాఁడు ఎక్కువ పాటుపడిరని తేలెను.

1862 నాఁటి పద్ధతికిని దీనికిని భేదమేమి? అచ్చట జీతమునకే కోఁత; ఇచ్చట జీతము చెక్కుచెదరక, దానిపై స్వల్పమైన బహుమానము. అచ్చట నెగ్గుట, తప్పుట యను గీఁత యొక్కటే. ఇచ్చట పిల్లవాఁడు నిలిచిన చోటినుండి ఎంత ముందుకు వచ్చెనను లెక్క. కాఁబట్టి వెనుక బల్లమీఁది వానికిఁ జెప్పిన పాఠమును వ్యర్థము కాలేదు. పరీక్ష బడివారి చేతిలో లేదు. ప్రశ్నలలో వల్లె వేసినవే కాక తెలిసికొని చెప్పవలసినవియు నుండెను.

ఇఁక జీతము పెంచినంతనే చదువు వచ్చునను వాదము. ఇండొనేషియా దేశము 2005లో చట్టము చేసి, అర్హతాపత్రము పొందిన ఉపాధ్యాయులకు మూలవేతనముతో సమానమైన భత్యమిచ్చెను. అనఁగా జీతము రెట్టింపు. దానిని బరిశోధించినవారు 2018లోఁ బ్రకటించినదేమనఁగా: పంతుళ్లకు సంతృప్తి కలిగెను, డబ్బు చింత తగ్గెను, బ్రదుకుతెరువుకై రెండవ పని చేయువారు తగ్గిరి, కాని రెండు మూఁడేండ్లలోఁ బిల్లల చదువున మార్పు కానరాలేదు. దీనినిబట్టి జీతము పెంచుట తప్పని నేననను. పంతులు గౌరవముగా బ్రదుకుట న్యాయము. ఆ న్యాయమునకు మార్కుల సాక్ష్యము వలదు. కాని జీతమడుగునప్పుడు పిల్లల చదువును సాకుగాఁ జూపుట మనకుఁ దగదు.

కడపట సంఘముల మాట. మన రాజ్యాంగము 171వ అధికరణమున శాసనమండలి సభ్యులలోఁ బండ్రెండవ వంతును ఎన్నుకొను హక్కు ఉపాధ్యాయుల కిచ్చినది. ఇట్టి బలము మఱి యే వృత్తివారికిని లేదు. అయినను ఆ యోటు మాధ్యమిక పాఠశాలలోను, అంతకుఁ బై స్థాయిలోను జెప్పువారిదే. అక్షరాభ్యాసము చేయించు ప్రాథమిక పాఠశాల పంతులునకు అది లేదు. ఆ యక్షరములు నేర్చుకొను పిల్లవానికి ఏ యోటును లేదు. కాఁబట్టి వాని పక్షమునఁ బలుకవలసిన భారము సంఘముపైనే యున్నది.

మా సంఘము తీర్మానములలోఁ గరవుభత్యము, బదిలీలు, పదోన్నతులు ఉండెను. అవి యుండవలసినవే. కాని చదువరాని పిల్లవాఁడు ఒక్క తీర్మానమునను లేఁడు. నేనును లేచి యడుగలేదు. ప్రతి సంవత్సరారంభమున ప్రతి పిల్లవాఁడును ఎంతవఱకుఁ జదువఁగలఁడో బయటివారిచేఁ గొలిపింపుఁడని, వెనుకఁబడినవానికిఁ జెప్పుటకు వేళ యిండని, సంఘమే అడుగవలయును. అడిగిననాఁడు జీతపు కోరికకును బలము హెచ్చును. తలిదండ్రులు మన వెంట నడతురు.

ఆ పిల్లవాఁడు ఇప్పుడు సాయంకాలములందు మా యరుగుమీఁదికి వచ్చుచున్నాఁడు. మూఁడవ తరగతి వాచకము నడుచుచున్నది. ఇది ఆనాఁడు నేను చెప్పవలసియుండిన పాఠమే.