చదువుతూ పనికెళ్తానంటే.. ఏం చూడాలి?
14 ఏళ్లు నిండితేనే కూలి పని.. అదీ పరిమితుల మేరకే
హాజరు, ప్రయాణం, అడ్వాన్సు విషయంలో జాగ్రత్త తప్పనిసరి

నూజెండ్ల: మిరప తోటలు ఎరుపెక్కే కాలం, పరీక్షల కాలం ఒకటే కావడం పల్నాడులో ఏటా ఎదురయ్యే చిక్కు. జనవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు కోతలు ముమ్మరంగా సాగుతాయి. ఇంటర్, పదో తరగతి వార్షిక పరీక్షలూ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వస్తాయి. తోటలో కాయ పండిపోతుంటే కూలీలు దొరకక రైతు అవస్థ పడతాడు. ఊళ్లో ఏ ఇంటి నుంచి నాలుగు చేతులు వచ్చినా కాదనే పరిస్థితి ఉండదు. ఈ తరుణంలోనే తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లలు తామూ కోతలకు వెళ్తామని ఇంట్లో పట్టుబడుతున్నారు.

ఒకప్పుడు తల్లిదండ్రులు పనికి పంపుతుంటే పిల్లలు బడికి వెళ్తామని ఏడ్చేవారు. ఇప్పుడు చాలా ఇళ్లలో వ్యవహారం తిరగబడింది. పిల్లలు వెళ్తామంటున్నారు, పెద్దలు వద్దంటున్నారు. సెల్‌ఫోను కొనుక్కోవాలని ఒకరు, కోచింగు ఫీజుకు ఇంట్లో అడగలేక మరొకరు, నాన్న అప్పు చూసి తట్టుకోలేక ఇంకొకరు ఈ మాట ఎత్తుతున్నారు. ఎవరి కారణం వారిది. కాబట్టి అందరికీ ఒకే సమాధానం సరిపోదు. సరేననే ముందు, కాదనే ముందు ఇరువర్గాలూ తెలుసుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి.

పెద్దల భయానికి కారణమిదీ..

వినుకొండ నియోజకవర్గంలోని నూజెండ్ల మండలం మెట్ట ప్రాంతం. పత్తి, మిరప, కంది వంటి పైర్లపై ఆధారపడిన కుటుంబాలు ఎక్కువ. ఎండలో నడుం వంచి పనిచేసిన తండ్రికి, తొలికోడి కూయకముందే క్యారేజీ కట్టుకుని ముఠాతో వెళ్లిన తల్లికి ఆ కష్టం ఎలాంటిదో తెలుసు. తమ బతుకు పిల్లలకు రాకూడదన్నదే వారి పట్టుదల. చేతికి డబ్బు అలవాటైతే పుస్తకం పట్టరన్నది రెండో భయం. ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారోనన్నది మూడోది. ఆడపిల్లల విషయంలో ప్రయాణం, రక్షణ గురించిన ఆందోళన అదనం.

ఈ భయాలకు ఆధారం లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఈ విషయంలో చేదు చరిత్ర ఉంది. 1991 జనాభా లెక్కల ప్రకారం 5 నుంచి 14 ఏళ్ల లోపు బాల కార్మికులు దేశంలో అత్యధికంగా మన రాష్ట్రంలోనే ఉన్నారు. వారి సంఖ్య 16 లక్షలు దాటింది. 2001 నాటికి అది 13.6 లక్షలకు తగ్గింది. రంగారెడ్డి జిల్లాలో బాలలను పని నుంచి విడిపించి బడిలో చేర్పించిన ఎం.వి. ఫౌండేషన్ కృషికి గుర్తింపుగా ప్రొఫెసర్ శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది. పేద తల్లిదండ్రులు పిల్లల సంపాదన మీదే ఆధారపడతారన్న వాదన నిజం కాదని, అవకాశం చూపితే వారూ చదువునే కోరుకుంటారని ఆ సంస్థ అనుభవం తేల్చింది. నేడు వద్దంటున్న తల్లిదండ్రుల్లో చాలామంది ఆ మార్పు తర్వాత ఎదిగిన తరమే.

చట్టం ఏం చెబుతోంది?

బాల కార్మికుల నిషేధ చట్టం 1986లో వచ్చింది. దానికి 2016లో కీలక సవరణలు చేశారు. దీని ప్రకారం వయసును మూడు మెట్లుగా చూడాలి.

14 ఏళ్లు నిండని వారిని ఏ పనిలోనూ కూలికి పెట్టుకోరాదు. పొలమైనా, హోటలైనా, కిరాణా దుకాణమైనా నిషేధమే. పెట్టుకున్న యజమానికి 6 నెలల నుంచి 2 ఏళ్ల వరకు జైలు, లేదా రూ.20 వేల నుంచి రూ.50 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సొంత కుటుంబం చేసుకునే పనిలో సాయపడటానికి మాత్రం మినహాయింపు ఉంది. అదీ బడి వేళలు ముగిశాక లేదా సెలవుల్లో మాత్రమే. ప్రమాదకరమైన పని కారాదు. 2017 నాటి నిబంధనల ప్రకారం రోజుకు 3 గంటలు మించరాదు. రాత్రి 7 గంటల నుంచి ఉదయం 8 గంటల మధ్య చేయించరాదు. కుటుంబమంటే తల్లిదండ్రులు, తోబుట్టువులతో పాటు మేనత్తలు, మేనమామలు, బాబాయిలు, పిన్నమ్మల వరకే. పక్కింటి వారి తోటలో చేస్తే అది సాయం కింద రాదు.

14 నిండి 18 నిండని వారిని చట్టం కౌమారులుగా గుర్తించింది. వీరిని గనులు, పేలుడు పదార్థాలు, ఇతర ప్రమాదకర ప్రక్రియల్లో పెట్టుకోరాదు. మిగిలిన పనులు చేయవచ్చు గానీ హద్దులున్నాయి. ఏకబిగిన 3 గంటలకు మించి చేయించరాదు. ఆ తర్వాత కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతితో కలిపి రోజు మొత్తం 6 గంటలు దాటరాదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని నిషేధం. ఓవర్‌టైం కుదరదు. వారానికి ఒక రోజు సెలవు తప్పనిసరి. చట్టంలోని సంస్థ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో దుకాణం, వర్క్‌షాపుతో పాటు వ్యవసాయ క్షేత్రం కూడా ఉంది.

18 ఏళ్లు నిండితే ఈ హద్దులు వర్తించవు. గ్రామీణ ఉపాధి హామీ పనులకు కూడా 18 నిండిన వారే అర్హులు. జాబ్‌కార్డులో తల్లి పేరుంటే ఆమె బదులు కొడుకో కూతురో పనికి వెళ్లడం నిబంధనలకు విరుద్ధం.

ముఠా పనితోనే అసలు చిక్కు

కోతల ముఠా తెల్లవారకముందే బయలుదేరుతుంది. పొద్దెక్కేలోగా ఎక్కువ కాయ కోయాలన్నది లెక్క. సాయంత్రం వరకు పని సాగుతుంది. రోజుకు 6 గంటలు, అదీ ఉదయం 8 తర్వాతే అన్న పరిమితికి ముఠా రోజు ఎక్కడా సరిపోదు. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట ఒత్తిడి మరింత ఎక్కువ. అందువల్ల బడి ఈడు పిల్లలకు ముఠాలో పూర్తి రోజు పని తగినది కాదు. సొంత చేనులోనో, దగ్గరి బంధువుల కల్లంలోనో పూటకు రెండు మూడు గంటలు తాలుకాయలు ఏరడం వంటి పనులు చేసుకోవచ్చు.

పురుగు మందుల జోలికి మాత్రం పిల్లలను వెళ్లనీయరాదు. పిచికారీ చేయడం, మందు కలపడం, ఖాళీ డబ్బాలు కడగడం ఏదైనా ప్రమాదమే. మందు కొట్టిన చేలో వెంటనే కోతకు దిగడమూ మంచిది కాదు. డబ్బాపై రాసిన గడువు ముగిశాకే కాయ కోయాలి. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే చేతులు మండుతుంటే ముందు కొద్దిగా నూనె రాసి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. ఆ చేతులతో కళ్లు నులుముకోరాదు.

ట్రాక్టరు నడపడం సరదాగా మొదలై ప్రాణం మీదికి తెస్తోంది. మైనరు వాహనం నడుపుతూ ప్రమాదం చేస్తే 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం తల్లిదండ్రులు లేదా వాహన యజమాని 3 ఏళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా ఎదుర్కోవాలి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ బాలుడికి 25 ఏళ్లు వచ్చే వరకు లైసెన్సు రాదు.

ప్రయాణమే పెద్ద గండం

తోటలో పని కన్నా తోటకు వెళ్లి రావడంలోనే ఎక్కువ ముప్పు ఉంది. 2020 మేలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల వద్ద మిరప కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభాన్ని ఢీకొట్టడంతో పలువురు మృత్యువాత పడ్డారు. 2025 ఫిబ్రవరిలో పల్నాడు జిల్లా ముప్పాళ్ల మండలం బొల్లవరం వద్ద కోత ముగించుకుని వస్తున్న కూలీల ట్రాక్టరు బోల్తా పడి నలుగురు మహిళలు మరణించారు. కూలి ఎంత అని అడిగే ముందు ఏ బండిలో వెళ్తారు, ఎంతమంది ఎక్కుతారు, చీకటి పడకముందే తిరిగొస్తారా అన్నది తల్లిదండ్రులు అడిగి తీరాలి. కిక్కిరిసిన ఆటోలో, లోడు ట్రాక్టరుపై పంపడం కన్నా ఆ రోజు కూలి వదులుకోవడమే మేలు.

హాజరు లెక్క చూసుకోవాలి

పనికి వెళ్తే వచ్చేది కంటికి కనిపిస్తుంది, పోయేది కనిపించదు. ఉదాహరణకు బడి ఏడాదికి 220 రోజులు నడిచిందనుకుందాం. 75 శాతం హాజరుకు 165 రోజులు వెళ్లాలి. అంటే మానేందుకు మిగిలేవి 55 రోజులే. పత్తి తీతలకు 20 రోజులు, మిరప కోతలకు 20 రోజులు పోతే మిగిలేది 15. జ్వరాలు, పెళ్లిళ్లు, తిరునాళ్లు, ఊరి ప్రయాణాలు అన్నీ ఆ 15 రోజుల్లోనే ఇమడాలి. ఇమడవన్నది అందరికీ తెలిసిందే.

తల్లికి వందనం పథకానికి ఈ 75 శాతం హాజరే ప్రాతిపదిక. 2025 జూన్‌లో ఒక్కో విద్యార్థికి రూ.15 వేలు కేటాయించి, రూ.2 వేలు బడి నిర్వహణకు పోను రూ.13 వేలు తల్లుల ఖాతాల్లో జమ చేశారు. రోజుకు రూ.300 వస్తుందనుకున్నా 40 రోజులకు వచ్చేది రూ.12 వేలు. ఆ రోజులు మానడం వల్ల హాజరు తగ్గి పథకం చేజారితే, ఎండలో కష్టపడి నష్టపోయినట్లే లెక్క. పదో తరగతి తప్పితే పోయే ఏడాది దీనికి అదనం.

ఆదివారాలు, సంక్రాంతి సెలవులు, వేసవి సెలవుల్లో పని చేస్తే ఈ నష్టం ఉండదు. పరీక్షలకు ముందు రెండు నెలలు మాత్రం సెలవు రోజైనా పుస్తకానికే కేటాయించడం మంచిది.

ఇంట్లో మాట ఎలా కలపాలి?

అలిగి అన్నం మానేయడం వల్ల, చెప్పకుండా వెళ్లిపోవడం వల్ల నమ్మకం పోతుంది. అమ్మానాన్నలను ఒప్పించాలనుకునే పిల్లలు ముందుగా అయిదు విషయాలు కాగితంపై రాసి చూపాలి. పని ఎవరి దగ్గర, ఏం పని? ఎన్ని గంటలకు వెళ్లి ఎన్ని గంటలకు వస్తారు? ఎలా వెళ్తారు, తోడు ఎవరు? డబ్బు ఎవరి చేతికి వస్తుంది, దేనికి ఖర్చవుతుంది? మార్కులు తగ్గితే మానేస్తారా? ఈ అయిదింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన పిల్లల మాట వినడానికి పెద్దలు జంకాల్సిన పని లేదు. చెప్పలేకపోతే ఆ పని సంగతి తెలియకుండానే అడుగుతున్నారని అర్థం.

తల్లిదండ్రులు కూడా వద్దు అన్న ఒక్క మాటతో సరిపెట్టరాదు. ఎందుకు వెళ్తానంటున్నారో అడగాలి. ఫీజు గురించిన దిగులే కారణమైతే ఇంటి ఆదాయ, వ్యయాలు పిల్లలకు వివరించి, ఉపాధ్యాయులతో మాట్లాడాలి. పాఠం అర్థంకాక బడి తప్పించుకునేందుకే పని అంటుంటే, అప్పుడు పరిష్కారం చేలో లేదు, తరగతి గదిలో ఉంది.

సంపాదించిన సొమ్ము పిల్లల పేరునే ఉండటం మంచిది. పదేళ్లు నిండిన మైనర్లు సొంతంగా పొదుపు ఖాతా నిర్వహించుకునేందుకు రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది. కూలి మేస్త్రీ చేతికి కాకుండా తల్లిదండ్రుల సమక్షంలో అందాలి. పిల్లల పని చూపి ముందుగా అడ్వాన్సు మాత్రం తీసుకోరాదు. తీసుకుంటే మానేసే స్వేచ్ఛ ఆ రోజే పోతుంది. పరీక్ష వచ్చినా, జ్వరం వచ్చినా బాకీ తీరేదాకా వెళ్లాల్సిందే. అప్పు కింద శ్రమను తాకట్టు పెట్టించుకోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం.

కొడుకు పనికి వెళ్తే ఆ ఇంటి పని భారం కూతురిపై పడుతుందేమో కూడా చూడాలి. అమ్మానాన్నలు, అన్న తెల్లవారకముందే వెళ్లిపోతే వంట, పశువులు, తమ్ముళ్ల ఆలనా పాలనా ఆమె మీదే పడతాయి. కూలి రాని పని కనుక ఎవరూ లెక్కించరు, హాజరు పట్టీలో మాత్రం గైర్హాజరు పడుతుంది. బడి మానేసిన ఆడపిల్లకు ఆ తర్వాత వినిపించేది పెళ్లి మాటే.

కష్టపడి చదివిన వారు లేరా?

ఉన్నారు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు బాల్యంలో తండ్రిని కోల్పోగా, తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి ఆయనను చదివించారు. ఆయన వారాలు చేసుకుని చదువుకున్నారు. ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు చేయూతనిచ్చి రాజమండ్రి తీసుకెళ్లారు. పూర్వ రాష్ట్రపతి అబ్దుల్ కలాం రామేశ్వరంలో తెల్లవారుజామున పత్రికలు పంచి, ఆ తర్వాత బడికి వెళ్లారు. ఇలాంటి కథలు చెప్పి పిల్లలు అనుమతి అడుగుతుంటారు. అయితే ఆ ఇద్దరి విషయంలోనూ కష్టం చదువుకు అండగా నిలిచింది గానీ చదువు స్థానాన్ని ఆక్రమించలేదు. వెనుక ఒక తల్లో, గురువో, బంధువో కనిపెట్టుకుని ఉన్నారు. ఆ కాపలా లేని చోట అదే కష్టం ఎందరినో చదువుకు దూరం చేసింది.

ఇప్పటికే బడి మానేసిన వారికి దారి మూసుకుపోలేదు. 14 ఏళ్లు నిండిన వారు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పూర్తి చేయవచ్చు. వివరాలు మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో లభిస్తాయి. 14 ఏళ్ల లోపు వారు ఎక్కడైనా కూలికి వెళ్తున్నట్లు, పెద్ద పిల్లలను బలవంతంగా పనిలో ఉంచినట్లు తెలిస్తే 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ సేవ 24 గంటలూ ఉచితం.