మీకు తెలుసా? రెండు చోట్ల పసుపు పండిన ఆదివారము

సంక్రాంతి మొదలు ఉగాది వరకు ప్రతి ఆదివారమును కొమురవెల్లి మల్లన్న సన్నిధి బండారు (పసుపుపొడి)తో పసుపువన్నె దాల్చుట లోకవిదితమే. అట్టి జాతర వారములలో నొకటియైన 2022 మార్చి 20వ తేదీ సాయంకాలమున గోవాలోని ఫటోర్డా క్రీడాంగణమునను ఆ వర్ణమే రాజ్యమేలినది. ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ తుదిపోరున తలపడిన హైదరాబాదు, కేరళ జట్లు రెండింటికిని అభిమానవర్ణము పసుపే గదా! మహమ్మారివలన చిరకాలము ప్రేక్షకశూన్యమైయుండిన ఆ లీగ్ అంగణమున సంఖ్యాబలము కేరళీయులది. అయినను, 68వ నిమిషమున వెనుకబడి, 88వ నిమిషమున సాహిల్ తవోరా గోలుతో సమముగా నిలిచి, పెనాల్టీలలో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని నిరోధింపగా 3-1తో హైదరాబాదు తొలిసారి కప్పు గెలిచినంతట, జయఘోష స్వల్పసంఖ్యాకులైన హైదరాబాదు అభిమానులదైనది. చమత్కారమేమన, వారినట్లు మురిపించిన ఆ వీరులిరువురును గోవావారే!