పోటును బట్టి వేట: సూరత్ తీరంలో వసంతకాలం

పరిచయం

సూరత్ అనగానే మనకు చీరలు, మరమగ్గాలు గుర్తుకు వస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి, అక్కడి మరమగ్గాల మీద పనిచేస్తూ ఆ ఊళ్ళోనే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీ బంధువులో, ఊరివాళ్ళో అక్కడ ఉండవచ్చు. మీరే అక్కడ ఉండి ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు.

సూరత్ సముద్రానికి దగ్గరి ఊరు కూడా. తపతి నది ఈ నగరం గుండా ప్రవహించి, పడమరగా కొద్ది దూరంలో కాంబే సింధుశాఖలో కలుస్తుంది. దీనినే ఇప్పుడు ఖంభాత్ సింధుశాఖ అంటున్నారు. డుమాస్, హజీరా అనే ఊళ్ళు ఈ తీరంలో ఉన్నాయి. విశాఖపట్నంలో సముద్రం చూసి, తరువాత డుమాస్ చూసినవారు ఆశ్చర్యపోతారు. ఉదయం గట్టు దాకా ఉన్న నీరు మధ్యాహ్నానికి కనుచూపు మేర వెనక్కు పోయి ఉంటుంది. నల్లని ఇసుక, దాని వెనుక బురద మాత్రమే కనిపిస్తాయి.

ఇటువంటి తీరంలో చేపలు పట్టడం ఎలా? ఫాల్గుణ, చైత్ర, వైశాఖ మాసాలలో, అంటే మార్చి నుంచి మే వరకు, అక్కడి సముద్రం ఎలా ఉంటుంది? వలలో ఏమి పడతాయి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు

– పోటు, పాటు ఎందుకు వస్తాయో, ఎప్పుడు వస్తాయో చెప్పగలుగుతారు;
– సూరత్ తీరంలో పోటు ఎందుకు అంత ఎత్తుగా వస్తుందో వివరించగలుగుతారు;
– పోటు మీద ఆధారపడిన సంచివల వేటను వర్ణించగలుగుతారు;
– వేసవిలో వేట ఎందుకు ఆపుతారో కారణాలతో చెప్పగలుగుతారు.

1. రోజుకు రెండు పోట్లు

సముద్రపు నీరు పెరగడాన్ని పోటు అనీ, తగ్గడాన్ని పాటు అనీ అంటాం. గుజరాతీలో వీటిని భర్తీ, ఓట్ అంటారు. చంద్రుడు, సూర్యుడు భూమిని ఆకర్షించడం వల్ల ఈ మార్పు కలుగుతుంది. సూర్యుడు చాలా పెద్దవాడైనా చాలా దూరంలో ఉన్నాడు. అందుచేత ఈ పనిలో చంద్రుని పాలే ఎక్కువ.

ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే ఈ రోజు వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. సోమవారం ఉదయం 5 గంటలకు పోటు వచ్చిందనుకుందాం. రెండవ పోటు సాయంత్రం 5 గంటల 25 నిమిషాలకు వస్తుంది. మంగళవారం ఉదయం పోటు 5 గంటల 50 నిమిషాలకు వస్తుంది. రెండు పోట్లకు నడుమ, సోమవారం ఉదయం 11 గంటలు దాటిన కొద్దిసేపటికి, నీరు బాగా తగ్గి ఉంటుంది. ఇవి ఉజ్జాయింపు లెక్కలు. ఒక్కొక్క రేవులో కొద్ది తేడాలు ఉంటాయి.

అమావాస్య, పౌర్ణమి రోజులలో సూర్యుడు, చంద్రుడు, భూమి దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. ఇద్దరి ఆకర్షణ కలిసి పనిచేస్తుంది. అప్పుడు పోటు బాగా ఎత్తుకు లేస్తుంది, పాటు బాగా కిందికి పోతుంది. వీటిని పర్వవేలలు అంటారు. అష్టమి ప్రాంతంలో ఇద్దరి ఆకర్షణ చెరొక దిక్కుకు లాగుతుంది. అప్పుడు వచ్చే చిన్న పోట్లను లఘువేలలు అంటారు. పెద్ద పోటు సరిగా అమావాస్యనాడే రాకుండా, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, విదియ తదియలలో రావడం కూడా మామూలే.

గుజరాతీల పంచాంగంలో కూడా మన పంచాంగంలో లాగే అమావాస్యతో నెల ముగుస్తుంది. కాబట్టి మీ గోడ మీది తెలుగు క్యాలెండరు చూసి సూరత్‌లో పెద్ద పోట్లు వచ్చే రోజులు చెప్పవచ్చు.

2. సూరత్‌లో నీరు ఎంత పెరుగుతుంది?

విశాఖపట్నంలో పర్వవేలలో కూడా పోటుకూ పాటుకూ మధ్య ఎత్తు తేడా సుమారు ఒకటిన్నర మీటర్లే. సూరత్ దగ్గర అది సుమారు 6 మీటర్లు. సింధుశాఖలో ఇంకా లోపలికి, భావనగర్ దగ్గరికి పోతే 10 మీటర్లు దాటుతుంది. మన దేశంలో ఇంత ఎత్తు పోటు మరెక్కడా రాదు.

దీనికి కారణం సింధుశాఖ ఆకారం. అది గరాటు వంటిది. దక్షిణాన అరేబియా సముద్రం వైపు నోరు వెడల్పుగా ఉంటుంది. ఉత్తరానికి పోయేకొద్దీ ఇరుకవుతుంది. లోతు కూడా తక్కువ. వెడల్పుగా ప్రవేశించిన నీటికి పక్కలకు చోటు లేక, కిందికి లోతు లేక, పైకి లేస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించండి. పాటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటలలో నీరు ఒకే వేగంతో పెరగదు. మొదట నెమ్మదిగా, మధ్యలో వేగంగా, చివర మళ్ళీ నెమ్మదిగా పెరుగుతుంది. మొత్తం ఎత్తును 12 భాగాలు చేస్తే, గంట గంటకూ వరుసగా 1, 2, 3, 3, 2, 1 భాగాల చొప్పున పెరుగుతుందని నావికులు లెక్కవేస్తారు. ఎత్తు 6 మీటర్లయితే ఒక్కొక్క భాగం అర మీటరు. అప్పుడు లెక్క ఇలా ఉంటుంది:

మొదటి గంటలో అర మీటరు
రెండవ గంటలో 1 మీటరు
మూడవ గంటలో ఒకటిన్నర మీటర్లు
నాలుగవ గంటలో ఒకటిన్నర మీటర్లు
ఐదవ గంటలో 1 మీటరు
ఆరవ గంటలో అర మీటరు

విశాఖపట్నంలో ఆరు గంటలలో పెరిగే నీరు సూరత్ తీరంలో మూడవ గంట ఒక్కదానిలోనే పెరుగుతుంది. తీరం చదునుగా ఉండడంతో ఆ నీరు బురద మీదుగా చాలా దూరం పరుగెత్తుతుంది. మొదటి గంటలో నెమ్మదిగా వస్తున్న నీటిని చూసి, ఇంకా సమయం ఉందిలే అనుకుని దూరం నడిచిపోయినవారికి ప్రమాదం. నీరు ఒక్కొక్కసారి వెనుకనున్న పల్లపు కాలువలను ముందుగా నింపి, తిరిగి వచ్చే దారిని మూసివేస్తుంది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి – 1

(అ) బుధవారం ఉదయం 6 గంటలకు పోటు వచ్చింది. గురువారం ఉదయం ఎన్ని గంటలకు వస్తుంది?
(ఆ) పోటు, పాటుల మధ్య ఎత్తు తేడా 6 మీటర్లు ఉన్నప్పుడు మొదటి మూడు గంటలలో మొత్తం ఎంత నీరు పెరుగుతుంది?

3. వసంతంలో సముద్రం

మార్చి 21 ప్రాంతంలో పగలు, రాత్రి సమానంగా ఉంటాయి. ఆ రోజులలో సూర్యుడు భూమధ్యరేఖకు నేరుగా ఉండడం వల్ల, ఆ దగ్గరలో వచ్చే అమావాస్య, పౌర్ణమి పోట్లు మామూలు పర్వవేలల కంటె కూడా పెద్దవిగా ఉంటాయి. సెప్టెంబరు 23 ప్రాంతంలో కూడా ఇలాగే జరుగుతుంది. కాబట్టి ఫాల్గుణం చివర, చైత్రం మొదట సూరత్ తీరంలో నీటి పరుగు బలంగా ఉంటుంది.

ఈ కాలంలో నీరు కూడా వేడెక్కుతుంది. జనవరిలో చల్లగా ఉండే నీరు మే నెలకు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు చేరుతుంది. నదులలో నీరు తగ్గడం వల్ల సింధుశాఖలో ఉప్పదనం పెరుగుతుంది. తపతి మీద ఉకాయ్ ఆనకట్ట 1972లో పూర్తయింది. అప్పటినుంచి నదినీటిలో చాలా భాగం జలాశయంలో నిలిచిపోతోంది. వేసవిలో నదీముఖంలోకి వచ్చే మంచినీరు తక్కువ, ఉప్పునీరు ఎక్కువ.

ఇక్కడి నీరు ఏడాది పొడవునా బురద రంగులోనే ఉంటుంది. నర్మద, తపతి, మహి, సబర్మతి నదులు తెచ్చిన ఒండ్రును పోటు, పాటు రోజుకు నాలుగుసార్లు కలియబెడుతూ ఉంటాయి. చూడడానికి మురికిగా ఉన్నా, ఈ ఒండ్రులోని కుళ్ళిన ఆకు, అలము చిన్న రొయ్యలకు ఆహారం. ఆ రొయ్యలు చేపలకు ఆహారం.

మార్చి, ఏప్రిల్ నెలలలో సముద్రం చాలావరకు శాంతంగా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి వీస్తుంది. మే నెల గడిచేకొద్దీ నైరుతి గాలులు బలపడి, అలలు పెరుగుతాయి. చిన్న పడవలకు అది హెచ్చరిక.

4. వల నిలిచి ఉంటుంది, నీరు కదులుతుంది

మన తీరంలో వల వేయడమంటే చేపలున్న చోటికి పడవ మీద వెళ్ళి, వల విసరడమో లాగడమో. కాంబే సింధుశాఖలో మరొక పద్ధతి ఉంది. వలను ఒకచోట కట్టివేస్తారు. నీరే చేపలను తెచ్చి అందులో వేస్తుంది. ఈ వలను అక్కడ డోల్ అంటారు.

డోల్ ఒక పొడవైన సంచి. నోరు చాలా వెడల్పుగా ఉంటుంది, తోక సన్నగా ఉంటుంది. నోటి దగ్గర కన్నులు పెద్దవి. తోక వైపు పోయేకొద్దీ చిన్నవై, చివర చిన్న రొయ్య కూడా జారిపోనంత సన్నగా ఉంటాయి. సముద్రపు అడుగున పాతిన గుంజలకో, లంగర్లకో వల నోటిని కట్టి, నీరు వచ్చే దిక్కుకు ఎదురుగా నిలుపుతారు. నీటి ఒరవడికి ఎదురీదలేని చిన్న ప్రాణులన్నీ నోట్లో ప్రవేశించి తోకలో చేరతాయి.

పోటు ముగిసి పాటు మొదలయ్యే ముందు నీరు కొద్దిసేపు కదలకుండా నిలుస్తుంది. పాటు చివర కూడా ఇలాగే నిలుస్తుంది. ఆ కొద్ది వేళలోనే జాలరులు వల తోకను పైకి లాగి, ముడి విప్పి, పడవలో గుమ్మరించుకోవాలి. ఆలస్యమైతే నీరు ఎదురు తిరుగుతుంది. బరువైన వలను అప్పుడు లాగడం కష్టం. వల చిరగవచ్చు, పట్టిన చేప పోవచ్చు. అందుచేత ఈ జాలరి పగలా రాత్రా అని చూడడు. నీరు నిలిచే వేళ రాత్రి రెండు గంటలకు వస్తే రాత్రి రెండు గంటలకే బయలుదేరతాడు.

నీటి ఒరవడి బలంగా ఉన్న అమావాస్య, పౌర్ణమి రోజులలో డోల్ వేట బాగా సాగుతుంది. అష్టమి ప్రాంతంలో ఒరవడి తగ్గడంతో పట్టు తగ్గుతుంది. ఆ రోజులు వలలు బాగుచేసుకోవడానికి ఉపయోగపడతాయి. నెలలో రెండుసార్లు రాబడి, రెండుసార్లు ఖాళీ. వారి ఇంటి ఖర్చులు, అప్పుల తీర్మానాలు కూడా ఈ లెక్కను బట్టే ఉంటాయి.

పడవ లేనివారు కూడా ఉన్నారు. పాటు సమయంలో బురదలో నడిచి చేపలు, పీతలు పట్టేవారిని గుజరాత్‌లో పగడియా జాలరులు అంటారు. బురద మీద గెంతుతూ, బొరియల్లో నివసించే లెవ్తా అనే చేపను చేతితో పడతారు. దక్షిణ గుజరాత్‌లో దానిని ఇష్టంగా తింటారు. వీరికి పోటు లెక్క తెలియడం సంపాదనకే కాదు, ప్రాణానికి కూడా అవసరం.

5. వలలో ఏమి పడతాయి?

డోల్ వలకు పేరు తెచ్చిన చేప బుమ్లా. ఆంధ్ర తీరంలో దీనిని వనమట్ట అంటారు. మెత్తని ఒళ్ళు, పెద్ద నోరు, పదునైన పళ్ళు. ఒంట్లో చాలా భాగం నీరే కాబట్టి త్వరగా పాడవుతుంది. అందుకే రెండేసి చేపల దవడలను ఒకదానిలో ఒకటి తగిలించి, తాళ్ళ మీద వేలాడదీసి ఎండబెడతారు. మన దేశంలో దొరికే ఈ చేపలో ఎక్కువ భాగం గుజరాత్, మహారాష్ట్ర తీరాలదే. వర్షాకాలం పోయిన తరువాతి నెలలలో ఎక్కువగా పడుతుంది. వసంతంలో కూడా కొంత దొరుకుతుంది.

దీనితో పాటు చిన్న రొయ్యలు, బంగారు రంగు పూరి చేపల వంటి చిన్న చేపలు, పొడవైన సావడాలు, గొరసలు, పీతలు పడతాయి. మార్చి నుంచి మే వరకు ఎండ తీవ్రంగా, గాలి పొడిగా ఉంటుంది. కాబట్టి పచ్చిగా అమ్ముడుపోని సరుకును ఎండబెట్టడానికి ఇది అనువైన కాలం. పట్టిన దానిని రకాలుగా వేరుచేయడం, ఎండబెట్టడం, సంతకు మోసుకుపోవడం ఎక్కువగా స్త్రీల పని.

6. వేట ఎందుకు ఆపాలి?

నిలిచి ఉన్న వల చేపను ఎంచుకోదు. తోకలో కన్నులు సన్నగా ఉండడం వల్ల చిన్న రొయ్యలతో పాటు వేలెడంత చందువ పిల్లలు కూడా పడతాయి. అవి ఎండుచేపల బుట్టలోకి తక్కువ ధరకు పోతాయి. అవే పెరిగి పెద్దవైతే ఒక్కొక్కటి ఎన్నో రెట్ల ధర పలుకుతుంది. జాలరికి ఈ సంగతి తెలియక కాదు. కన్నులు పెద్దవి చేస్తే అతని రోజువారీ రాబడి అయిన రొయ్య జారిపోతుంది. ఒక్కడు మానుకుంటే పక్కవాని వలలో పడుతుంది. కాబట్టి అందరూ ఒకేసారి పాటించే నియమం కావాలి.

అటువంటి నియమమే వేట నిషేధం. మరపడవలు ఏటా 61 రోజులు సముద్రంలోకి పోకూడదు. తూర్పు తీరంలో ఇది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు. 2015కు ముందు తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి మే 31 వరకు, అంటే 47 రోజులే ఉండేది. యంత్రం లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. రాష్ట్ర ప్రభుత్వాలు తమ తీరానికి తేదీలు మార్చవచ్చు. కనుక ఏటా మత్స్యశాఖ ప్రకటన చూసుకోవాలి.

ఈ తేదీల తేడా తెలుగు జాలరులకు కూడా సంబంధించినదే. సూరత్‌కు పడమరగా, సింధుశాఖకు ఆవలివైపున, సౌరాష్ట్ర తీరంలో వేరావల్ అనే పెద్ద రేవు ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరులు అనేకమంది వర్షాకాలం తరువాత అక్కడి మరపడవలలో పనికి వెళ్ళి, వేసవిలో ఇంటికి వస్తారు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు వేలమంది వేరావల్‌లోనే చిక్కుకుపోయారు. చాలామంది రేవులో కట్టివేసిన పడవలలోనే రోజులు గడిపారు. తరువాత వారిని బస్సులలో స్వస్థలాలకు చేర్చారు. వసంతంలో సముద్రం శాంతంగా ఉండే ఆ కొద్ది వారాల పని పోతే, వర్షాకాలపు ఖాళీ నెలలకు దాచుకునే డబ్బు పోయినట్లే.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి – 2

(అ) డోల్ వలను ఏ వేళలో పైకి తీస్తారు? ఎందుకు?
(ఆ) అష్టమి ప్రాంతంలో డోల్ వేట ఎందుకు తగ్గుతుంది?
(ఇ) మే 5న తూర్పు తీరంలో మరపడవ వేటకు పోవచ్చునా? పడమటి తీరంలో?

కృత్యం

క్యాలెండరులో ఈ నెల అమావాస్య, పౌర్ణమి తేదీలను గుర్తించండి. ఒక్కొక్క దాని తరువాతి రెండు రోజులను కూడా కలిపి గీత గీయండి. పెద్ద పోట్లు వచ్చే రోజులు ఇవే. మీరు తీరంలో ఉంటే, ఒక రాయినో గుంజనో గుర్తుగా పెట్టుకుని, గట్టు మీది నుంచి గంటకొకసారి నీటి మట్టం గమనించి రాయండి. మూడవ, నాలుగవ గంటలను మొదటి గంటతో పోల్చి చూడండి.

సారాంశం

సూరత్ తీరంలో చేపలవేటను నడిపేది పోటు. సింధుశాఖ గరాటు ఆకారం వల్ల అక్కడ నీరు సుమారు 6 మీటర్లు లేచి దిగుతుంది. మార్చి ప్రాంతంలో ఇది ఇంకా బలంగా ఉంటుంది. జాలరులు వలను నిలిపి, నీరు తెచ్చిన రొయ్యలు, బుమ్లా మొదలైన వాటిని నీరు నిలిచే వేళలో తీసుకుంటారు. సన్నని కన్నుల వలలో చేపపిల్లలు కూడా పడతాయి. రేపటి వేటకు చేప మిగలాలంటే కొంతకాలం అందరూ వేట ఆపాలి.

జవాబులు

1. (అ) ఉదయం సుమారు 6 గంటల 50 నిమిషాలకు. (ఆ) 3 మీటర్లు.
2. (అ) నీరు కదలకుండా నిలిచే వేళలో. తరువాత నీరు ఎదురు తిరుగుతుంది, వల లాగడం కష్టమవుతుంది. (ఆ) సూర్యచంద్రుల ఆకర్షణ చెరొక దిక్కుకు ఉండి పోటు చిన్నదవుతుంది. నీటి ఒరవడి తగ్గి, వలలోకి చేపలు తక్కువగా వస్తాయి. (ఇ) తూర్పు తీరంలో పోకూడదు. పడమటి తీరంలో పోవచ్చు.