ఏడు గుర్రాలు - ఒక్క అక్షరం!

తెర మీద హీరోగారు తాగే సీసా పేరేమిటో చదవాలని మీకెప్పుడైనా అనిపించిందా? 'దేవదాసు' (1953) నాటి నుంచీ మనకి సీసా కనిపిస్తే హీరో గుండెకోతే గుర్తొస్తుంది తప్ప, సీసా మీది కాగితం గుర్తుండదు. మా బామ్మర్దికి మాత్రం గుర్తుండిపోయింది. చిక్కంతా అక్కడే వచ్చింది!

2014లో వచ్చిన 'జాన్ విక్' మీలో చాలామంది చూసే వుంటారు. కియాను రీవ్స్ తాగే ఆ బొద్దు సీసా మూత మీద ఒక గుర్రం, దాని మీద ఒక జాకీ వుంటారు. దాని పేరు బ్లాంటన్స్. బర్బన్ విస్కీ. (బర్బన్ అంటే బిస్కెట్టు కదా అనకండి. నేనూ మొదట అలాగే అన్నాను!)

మా బామ్మర్ది, అంటే మేనమామ కొడుకు, అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో కంప్యూటర్ వుద్యోగం చేస్తున్నాడు. ఆ సినిమా చూసిన నాటి నుంచీ ఆ గుర్రాల వెంట పడ్డాడు. కిందటి అక్టోబరులో నేను అక్కడికి వెళ్లేటప్పుడు తెనాలిలో మా మావయ్య ఒక మాట చెప్పి పంపించాడు. "వాడు రమ్మంటాడు, టిక్కెట్లు మాత్రం పంపడు. సంగతేమిటో కాస్త కనుక్కోరా" అని.

సంగతేమిటో వాళ్లింట్లో అడుగు పెట్టగానే తెలిసిపోయింది. అలమరలో వరసగా ఏడు గుర్రాలు నిలబడి వున్నాయి!

సోలో హీరో సీసా

ముందు బర్బన్ అంటే ఏమిటో చెప్పుకుందాం. అమెరికాలోనే తయారవ్వాలి. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న వుండాలి. లోపల మంటతో కాల్చిన కొత్త ఓక్ చెక్క పీపాలోనే మాగాలి. పీపాలో పోసేటప్పుడు ఆల్కహాలు 62.5 శాతానికి మించకూడదు. రంగు గానీ రుచి గానీ పైనుంచి కలపకూడదు. ఆ తేనె రంగు, ఆ తీపి వాసన అన్నీ కాలిన చెక్క పెట్టిన భిక్షే.

మామూలు బర్బన్‌కి ఎన్నో పీపాలు కలిపి, ఎప్పుడు కొన్నా ఒకే రుచి వచ్చేలా చేస్తారు. అది మల్టీస్టారర్ లాంటిది. ఒకరు తడబడినా పక్కనున్నవాళ్లు సర్దేస్తారు. 'సింగిల్ బారెల్' అలా కాదు. ఒక్క పీపాలోది ఒక్క పీపాగానే సీసాల్లోకి దిగుతుంది. సోలో హీరో అన్నమాట! మంచీ చెడూ రెండూ ఆ పీపావే.

గోదాములో పై అంతస్తు పీపాకి ఎండ ఎక్కువ, కింది అంతస్తు పీపాకి చల్లదనం ఎక్కువ. ఎండాకాలం విస్కీ చెక్కలోకి ఇంకుతుంది, చలికాలం వెనక్కి వస్తుంది. ఏటా కొంత ఆవిరైపోతుంది. ఆ ఆవిరైన దాన్ని వాళ్లు 'దేవతల వాటా' అని ముద్దుగా పిలుచుకుంటారు. అందుకే ఒకే రోజు నింపిన రెండు పీపాలు అన్నదమ్ముల్లా వుంటాయి గానీ కవలల్లా వుండవు.

లూయీవిల్ నుంచి గంట ప్రయాణంలో ఫ్రాంక్‌ఫర్ట్ అనే వూరుంది. ఇప్పుడు బఫెలో ట్రేస్ అని పిలిచే డిస్టిలరీ అక్కడే. ఆల్బర్ట్ బ్లాంటన్ అనే ఆయన 1897లో ఆఫీసు బోయ్‌గా చేరి, 1921 నాటికి దానికే ప్రెసిడెంటయ్యాడు. (సినిమా కథలా లేదూ?) తనింటికి వచ్చే అతిథుల కోసం మంచి పీపాలు స్వయంగా ఏరి పెట్టేవాడట. 1984లో, కుర్రకారంతా వోడ్కా వైపు మళ్లి బర్బన్ అమ్మకాలు పడిపోయిన రోజుల్లో, ఎల్మర్ టి. లీ అనే మాస్టర్ డిస్టిలర్‌కి ఆ సంగతి గుర్తొచ్చింది. ఏరిన ఒక్కో పీపానీ విడిగా సీసాల్లో నింపి, పాత దొర పేరు పెట్టి విడుదల చేశాడు. సింగిల్ బారెల్ ముచ్చటని బజారుకి తెచ్చింది అదే.

బ్లాకు టిక్కెట్టు

ఇక గుర్రాల సంగతి. బ్లాంటన్స్ మూతలు ఎనిమిది రకాలు. ఒక్కో దాని మీద చిన్న అక్షరం వుంటుంది. బి, ఎల్, ఏ, ఎన్, టి, ఓ, ఎన్, ఎస్. వరసగా పేరిస్తే గుర్రం నిలబడ్డ దగ్గర్నుంచి పందెం గెలిచేదాకా కథ నడుస్తుంది. 'ఎస్' దగ్గర జాకీ చెయ్యి పైకెత్తి గెలిచానంటాడు. మావాడికి ఆ గెలిచిన జాకీ ఒక్కడే దొరకలేదు.

"ఏడు సీసాలేగా, పోనీలే" అన్నాను.

"ఏడు కాదన్నయ్యగారూ, పదిహేను. వచ్చిన అక్షరమే మళ్లీ మళ్లీ వస్తుంది" అంది వాళ్లావిడ. ఆ గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ వుంది.

ఆ సీసా అసలు ధర సుమారు 65 నుంచి 75 డాలర్లు. కానీ ఆ ధరకి దొరికేది అరుదు. మాగిన విస్కీని గిరాకీ పెరిగిందని రేపటికల్లా తయారు చెయ్యలేరు కదా! ఇవాళ్టి సీసాకి పీపా ఎన్నో ఏళ్ల కిందటే నింపి వుండాలి. అందుకని అది తెలిసిన కొట్లవాళ్లు నోటికొచ్చిన ధర చెబుతారు. మావాడు చివరి సీసా 170 డాలర్లకి కొన్నాడు. మన లెక్కలో పద్నాలుగు వేల పైమాటే. మొదటి రోజు మొదటి ఆటకి బ్లాకులో టిక్కెట్టు కొన్నట్టు! కాగితం మీద లెక్క వేసి చూస్తే పదిహేను సీసాలకీ రెండు వేల డాలర్లు దాటింది. తెనాలి నుంచి ఇద్దరు పెద్దవాళ్లు వచ్చి వెళ్లే ఖర్చు దాదాపు అంతే.

"రుచి కోసం బావా! ఇలాంటి రుచి ఇంకెక్కడా లేదు" అన్నాడు మావాడు.

"అయితే కళ్లకి గంతలు కట్టుకుని చెప్పరా" అన్నాను.

స్టీలు గ్లాసుల పరీక్ష

మరో మూడు సింగిల్ బారెల్ సీసాలు తెచ్చాం. ఫోర్ రోజెస్ 46 డాలర్లు, నాబ్ క్రీక్ 52, హెన్రీ మెకెన్నా 63. రంగు కనబడకుండా స్టీలు గ్లాసులు. చెల్లెలు వంటింట్లో పోసి, గ్లాసులకి తిలకం బిళ్లలు అంటించి తెచ్చింది. ఒక బొట్టు, రెండు బొట్లు, మూడు, నాలుగు. ఏది ఏదో ఆవిడకొక్కదానికే తెలుసు. రుచి చూసింది నేను, మావాడు, పక్కింటి గుంటూరాయన. తలా రెండు గుటకలు, మధ్యలో మంచినీళ్లు, మరమరాలు.

బ్లాంటన్స్ (46.5 శాతం): కమలా తొక్క గిల్లినప్పటి వాసన. వెనకే తేనె, లేత పాకం. గొంతులో గోల చెయ్యదు, మర్యాదగా దిగుతుంది. కాకపోతే తొందరగా సెలవు తీసుకుంటుంది.

ఫోర్ రోజెస్ (50 శాతం): దీని ధాన్యంలో 35 శాతం రై. అందుకే దాల్చినచెక్క, మిరియం లాంటి ఘాటు. దాని కింద మాగిన పండు తీపి. మింగిన తర్వాత కూడా చాలాసేపు నోట్లో కబుర్లు చెబుతూనే వుంటుంది.

నాబ్ క్రీక్ (60 శాతం, తొమ్మిదేళ్లది): మొదటి గుటకకి గుంటూరాయన కళ్లలోనే నీళ్లు తిరిగాయి! నాలుగు చుక్కల నీళ్లు కలిపితే అసలు రూపం బయటపడింది. వేయించిన వేరుశనగ గుళ్లు, ముదురు పాకం, కొత్త చెక్క బీరువా తలుపు తీసినప్పటి వాసన.

హెన్రీ మెకెన్నా (50 శాతం, పదేళ్లది): ఐస్‌క్రీములో వచ్చే వెనిలా, కాస్త చెక్క వగరు. దీని కథే వేరు. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రపంచ మద్యం పోటీల్లో విస్కీలన్నిటిలోకీ ఉత్తమమని మెడల్ కొట్టింది. అంతకుముందు ముప్ఫై, ముప్ఫయ్యైదు డాలర్లకి ఎవరూ పట్టించుకోకుండా పడి వుండేది. మెడల్ రాగానే మాయమైంది, ధర ఆకాశం చూసింది. లోపలి సరుకు మాత్రం అదే! పైగా మెడల్ వచ్చింది ఏదో ఒక పీపాకి. మీ చేతికొచ్చే సీసా ఇంకో పీపాది.

చీటీలు విప్పితే...

ముగ్గురం చీటీల మీద వరసలు రాసి ఇచ్చాం. చెల్లెలు ఒక్కొక్కటే చదివింది.

మావాడు "ఇదే నా బ్లాంటన్స్" అని అడ్డగీత గీసి మరీ మొదటి స్థానం ఇచ్చిన గ్లాసు ఫోర్ రోజెస్. అసలు బ్లాంటన్స్ వాడి వరసలో మూడోది! గుంటూరాయనకి నీళ్లు కలిపిన నాబ్ క్రీక్ మొదటిది.

బ్లాంటన్స్‌కి మొదటి స్థానం ఇచ్చింది ఎవరో తెలుసా? నేనే. వెక్కిరిద్దామని వెళ్లినవాణ్ణి దాని పక్షానే ఓటు వేసి వచ్చాను. నిజం నిజమే కదా. అది మంచి బర్బనే. కానీ 46 డాలర్ల ఫోర్ రోజెస్ కన్నా దాదాపు నాలుగింతలు మంచిదా అంటే, చచ్చినా కాదు. 70 డాలర్లకి దొరికితే కొనవచ్చు. ఆపైన ఇచ్చే ప్రతి డాలరూ గుర్రానికీ, సినిమాకీ, దొరకదన్న బెంగకీ ఇస్తున్నదే. రుచికి కాదు.

లెక్కలిష్టమైన వాళ్లకి ఇంకొక మాట. 750 మిల్లీలీటర్ల నాబ్ క్రీక్ సీసాలో 450 మిల్లీలీటర్ల ఆల్కహాలుంటే, అంతే బ్లాంటన్స్ సీసాలో సుమారు 349. నాబ్ క్రీక్‌లో నీళ్లు కలిపి బ్లాంటన్స్ బలానికి దింపితే ముప్పావు లీటరు కాస్తా లీటరుకి దగ్గరపడుతుంది. ధర చూస్తే మూడో వంతు కన్నా తక్కువ! మెకెన్నా మాటంటారా, పాత ధరకి బంగారం, మెడల్ ధరకి లాటరీ టిక్కెట్టు.

మనదేశంలో బర్బన్ మీద దిగుమతి సుంకం 2025 ఫిబ్రవరిలో 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించారు. తగ్గాక కూడా సరుకు ధరంత సుంకం వుందన్నమాట. కనుక హీరో తాగాడని మొదటి జీతం పట్టుకుని పరిగెత్తే తమ్ముళ్లకి ఒక మనవి. ముందు ఇరవయ్యొకటి నిండనివ్వండి. ఆ తర్వాత కూడా ఎవరైనా పోస్తే రెండు గుటకలు, కళ్లు మూసుకుని చూడండి. కటౌట్ ఎత్తు చూసి నటన కొలవరు కదా!

ఆ రాత్రి మావాడు చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్న లేచేసరికి వాళ్ల నాలుగేళ్ల పాప నేల మీద ఏడు గుర్రాల్నీ పరిగెత్తిస్తోంది. వాడే తీసి ఇచ్చాడట.

"ఎస్ ఒక్కటే తక్కువ బావా" అన్నాడు, ఇంకా కాస్త బెంగగానే.

"తక్కువేమిట్రా? ఎస్ లేకపోతే బ్లాంటన్. పెద్దాయన పేరు అదేగా, పూర్తయిపోయింది" అన్నాను.

వాడు నవ్వాడు. చెల్లెలు కూడా నవ్వింది. నేను హైదరాబాదు చేరిన మూడో వారం తెనాలి నుంచి మావయ్య ఫోన్ చేశాడు. "ఒరేయ్, టిక్కెట్లు వచ్చాయిరా! ఇంతకీ నువ్వు వాడితో ఏం మాట్లాడావు?"

ఏం చెప్పను? మందు గురించి మాట్లాడానని మేనమామతో ఎలా చెప్పడం! "గుర్రాల గురించి" అన్నాను.